దారి అడిగినంత

లింగాల

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

చీనీ తోటకు నీళ్ళు కట్టడం నిన్నటితో అయిపోయింది. మీ అమ్మ మొన్న వచ్చి రెండు రోజులుండి పోయింది. పోతూ పోతూ, "వాడికి బండి సంగతి నువ్వు చెబితేనే వింటాడు అన్నా" అంది. సంక్రాంతికి నువ్వు వచ్చి వెళ్ళినప్పటి నుంచి నా మనసులోనూ ఆ మాటే ఉంది. ఫోన్లో చెబితే గాలికి పోతుందని కాగితం తీసుకున్నాను.

ఆ రోజు కొత్త కారులో నన్ను పార్నపల్లె డ్యామ్ దాకా తీసుకుపోయావు. మన సీమలోనే, పెనుకొండ దగ్గర తయారైన కారని చెప్పినప్పుడు నాకెంత సంతోషమైందో. 2019 ఆగస్టులో ఆ కియా కర్మాగారం నుంచి సెల్టోస్ అమ్మకానికి వచ్చినప్పుడు మన ఊళ్ళో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. అట్లాంటి కారు నా చెల్లెలి కొడుకు నడుపుతుంటే పక్కన కూర్చుంటానని అప్పుడు అనుకోలేదు. గేరు దగ్గరున్న గుండ్రటి మీట తిప్పి, "ఈకోలో పెట్టేశాను మామా, ఇంక మైలేజీ దానంతటదే వస్తుంది" అన్నావు. తిరిగి వచ్చేటప్పుడు అరటిగెలల లారీని దాటబోయి కాలు నొక్కావు. బండి వెంటనే అందుకోలేదు. ఎదురుగా బస్సు వస్తోంది. నువ్వు వెనక్కి తగ్గి లారీ వెనకే ఉండిపోయావు. అది మంచి పని. కానీ బండి ఎందుకు అందుకోలేదో నీకు తెలియాలి.

ఇప్పటి కార్లలో నీ కాలికీ ఇంజిన్‌కూ మధ్య తీగ లేదు, కంప్యూటర్ ఉంది. నువ్వు ఎంత తొక్కావో అది చూసి, ఇంజిన్‌కు ఎంత ఇవ్వాలో అది లెక్క కడుతుంది. మీట తిప్పి మోడ్ మార్చినప్పుడు మారేది ముఖ్యంగా ఆ లెక్కే. ఈకోలో పెడితే, సగం తొక్కినా సగం కంటే తక్కువే ఇస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే పై గేరుకు తొందరగా పోతుంది. కొన్ని కార్లలో ఏసీ జోరు కూడా కొంత తగ్గుతుంది. స్పోర్ట్‌లో పెడితే కొంచెం తొక్కినా ఎక్కువ ఇస్తుంది, కింది గేరును వదలకుండా పట్టుకుంటుంది, ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, స్టీరింగ్ కూడా కొంచెం బిగుస్తుంది. నార్మల్ ఈ రెంటికీ నడుమ. ఇంజిన్ మాత్రం అదే. మామూలు కార్లలో స్పోర్ట్ వేసినంత మాత్రాన దానికి కొత్త బలం రాదు, ఉన్న బలమే తొందరగా చేతికొస్తుంది. ఈకో వేసినంత మాత్రాన డీజిల్ మిగలదు. కాలిని అది కొంచెం పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పట్టు చాల్లేదని నువ్వు ఇంకా గట్టిగా తొక్కితే, ఈకోలోనూ డీజిల్ తాగుతుంది.

మీట తిప్పడం లేని రోజుల్లో మేమెట్లా మిగిల్చామో చెబుతాను. నేను పనిచేసిన ఆర్టీసీలో డ్రైవరుకు రెండు పేర్లుంటాయి. ఒకటి అమ్మానాన్న పెట్టింది, రెండోది కేఎంపీఎల్. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చావన్నదే ఆ లెక్క. బస్సుకు లీటరుకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. రోజుకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే బస్సు అయిదు తెస్తే 60 లీటర్లు తాగుతుంది. 5.2 తెస్తే 58 లోపే. ఒక బస్సుకు ఒక రోజుకు రెండు లీటర్లకు పైగా తేడా. డిపోలో ఎన్ని బస్సులుంటాయో, ఏడాదికి ఎన్ని రోజులో నువ్వే లెక్క వేసుకో. ఒకే బస్సు, ఒకే రూటు, ఇద్దరు డ్రైవర్లు, రెండు లెక్కలు. ఆ తేడా వచ్చేది చూపు నుంచి. స్టేజీ దూరంగా కనపడగానే కాలు తీసేవాడు ఒకడు. స్టేజీ దాకా తొక్కుకుంటూ వచ్చి బ్రేకు కొట్టేవాడు ఇంకొకడు. బ్రేకు కొట్టిన ప్రతిసారీ ఆ వేగం తేవడానికి తాగించిన డీజిల్ వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. నీ కారులోనూ అంతే. ముందు స్పీడ్ బ్రేకరుందని తెలిశాక కూడా తొక్కేవాడిని ఏ మోడూ కాపాడలేదు.

అయితే మోడ్ అనవసరమని నేను అనను. మన ట్రాక్టరు చూశావుగా, పనిముట్లను తిప్పే పీటీవోకు రెండు రకాలున్నాయి, మామూలు 540, ఎకానమీ 540. చీనీ చెట్లకు మందు కొట్టేటప్పుడు ఎకానమీలో పెడతాను. పంపు తిరిగేది నిమిషానికి అదే 540 చుట్లు. ఇంజిన్ మాత్రం తక్కువ చుట్లతోనే ఆ పని చేస్తుంది, డీజిల్ మిగులుతుంది. అదే ఎకానమీలో పెట్టి గట్టి నేలలో రోటవేటరు దించితే ఇంజిన్ మూలుగుతుంది, పొగ కక్కుతుంది, పని సాగదు. మందు కొట్టే పని అడిగే బలం వేరు, నేల దున్నే పని అడిగే బలం వేరు. మీట మన చేతిలో ఉంది కాబట్టి పనిని చూసి తిప్పుతాం. నీ కారుకైనా ఇదే సూత్రం. నీ ఇష్టాన్ని బట్టి మోడ్ వేయొద్దు. దారి ఏం అడుగుతోందో చూసి వేయి.

బెంగళూరు ట్రాఫిక్‌లో దారి నిన్ను ఏమీ అడగదు. అక్కడ ఈకో మంచిది, కాలు తగిలినంత మాత్రాన బండి ఎగిరి పడదు. నాలుగు వరుసల హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడూ ఈకో చాలు. కొడికొండ దాటి గోరంట్ల, కదిరి మీదుగా రెండు వరుసల దారిలోకి వచ్చావా, నార్మల్‌లోకి మారు. లారీని దాటాల్సి వస్తే, దాటడం మొదలుపెట్టక ముందే స్పోర్ట్‌లో పెట్టు. సగం దాటాక మీట వెతుక్కునే పని పెట్టుకోవద్దు. నీ డీజిల్ ఇంజిన్ లాగే బలం 1,500 నుంచి 2,750 చుట్ల మధ్య అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. ముల్లు అక్కడ ఉండగా దాటితే బండి వెంటనే అందుకుంటుంది. ఎదుటి పక్క గడిపే సమయం ఎంత తగ్గితే అంత క్షేమం. అక్కడ ఖర్చయ్యే చెంచాడు డీజిల్‌కు లెక్క చూడొద్దు నాయనా.

ఇంక కొండదారి. ఈ మాట కోసమే ఈ ఉత్తరమంతా.

ఆర్టీసీలో చేరక ముందు నేను లారీ నడిపాను. 1986లో ఒక రాత్రి, మదనపల్లె నుంచి టమాటా లోడుతో కడపకు వస్తున్నాను. గువ్వలచెరువు ఘాట్ దిగుతూ డీజిల్ మిగుల్చుదామని న్యూట్రల్ వేశాను. అప్పట్లో చాలామందికి ఉన్న అలవాటే. బండి వాలుకు తనంతట తనే పరిగెత్తింది. ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కాను. నాలుగో మలుపో అయిదోదో, బ్రేకుల నుంచి కాలిన వాసన వచ్చింది. తొక్కితే కాలు దిగుతోంది గాని బండి ఆగడం లేదు. గేరు వేద్దామంటే ఆ వేగంలో పడలేదు. కొండ వైపుకు తిప్పి, మట్టి గట్టుకు రాపాడించి ఆపాను. క్లీనరు దూకి చక్రం కింద రాయి పెట్టాడు. ఆ పిల్లవాడి చేతులు తెల్లారేదాకా వణుకుతూనే ఉన్నాయి. మేమిద్దరం బతికింది నా నేర్పు వల్ల కాదు. ఆ తప్పు పూర్తిగా నాది. ఇన్నేళ్ళు మీ అత్తకు కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

అసలు న్యూట్రల్‌తో మిగిలేది కూడా ఏమీ లేదు. ఇప్పటి ఇంజిన్లలో, గేరులో ఉండగా కాలు పూర్తిగా తీస్తే కంప్యూటర్ డీజిల్‌ను ఆపేస్తుంది. వాలుకు దొర్లే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఆ ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ వేస్తే ఆ పట్టు పోతుంది, పైగా ఇంజిన్ ఆగకుండా ఉండాలంటే డీజిల్ తాగుతూనే ఉండాలి. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమని పెద్ద డ్రైవర్లు చెప్పేవాళ్ళు. ఆటోమేటిక్‌లో ఈకో మోడ్ తొందరగా పై గేరుకు పోవాలని చూస్తుంది కాబట్టి ఘాట్ దిగేటప్పుడు అది వద్దు. గేరును చేత్తో తగ్గించుకో, లేదా స్పోర్ట్‌లో పెట్టు. ఇంజిన్ మోత పెరుగుతుంది, భయపడొద్దు. చక్రాలు తిప్పుతున్న మోత అది. తిరుమల ఘాట్‌లో ఇంత కంటే తొందరగా దిగకూడదని సమయం కట్టి పెట్టింది ఊరికే కాదు. కదిరి నుంచి పులివెందుల వచ్చే దారిలో అయినా, ముద్దనూరు జమ్మలమడుగు మధ్య ఘాట్‌లో అయినా అదే పద్ధతి పాటించు.

మైలేజీ కావాలంటే అన్నిటికంటే పెద్ద మీట వేగమే. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 మీద గాలి ఎంత అడ్డుకుంటుందో 100 మీద దానికి ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుకుంటుంది. ఇంజిన్ ఆ గాలిని చీల్చుకుంటూ పోవాలి. వంద కిలోమీటర్లకు నువ్వు ఆదా చేసుకునేది పావు గంట. దానికి తోడు నెలకోసారి టైర్లలో గాలి చూపించు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. అక్కరలేని బరువు డిక్కీలోంచి దించు. ఎవరికోసమైనా ఆగితే ఇంజిన్ ఆపెయ్.

కంపెనీ చెప్పిన మైలేజీ రాలేదని బాధపడ్డావు కదా. ఆ లెక్క ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు రోలర్ల మీద బండిని నిలబెట్టి, నిర్ణయించిన వేగాలతో నడిపి తీసేది. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. నీ దారి లెక్క నువ్వే తీసుకోవాలి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, పంపు తనంతట ఆగేదాకా నింపి ట్రిప్పు మీటరు సున్నా చెయ్. ఊరికి వచ్చిపోయాక మళ్ళీ అక్కడే అట్లాగే నింపు. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు. మూడు సార్లు ఈకోలో, మూడు సార్లు నార్మల్‌లో రా, వేగం మార్చకుండా. ప్రతిసారీ చిన్న పుస్తకంలో రాసుకో. తేడా ఎక్కడి నుంచి వస్తోందో ఆ పుస్తకమే నీకు చెబుతుంది.

ఈసారి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. రాత్రిపూట బయల్దేరకు, తెల్లారుజామున బయల్దేరు. చేరేసరికి మధ్యాహ్నం అయినా పరవాలేదు. నువ్వు వాకిట్లో కారు ఆపాకే మీ అత్త సంగటి కెలుకుతుంది.

ఇట్లు
మీ మామ