ఆయన మాట మన నోట: డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌గా మార్చడం ఎలా?

బదిలీ మీద ఢిల్లీ వచ్చిన మన కుటుంబాల్లో పిల్లలు తొందరగా దుబాసీలైపోతారు. ఊరి నుంచి వచ్చిన నాయనమ్మకు డాక్టరు చెప్పింది, అమ్మను ఇంటి ఓనరు అడిగింది, స్కూల్లో టీచరు తెమ్మన్నది, అన్నీ ఒక భాషలో విని ఇంకో భాషలో చెప్పేది వాళ్లే. ఇలా ఒకరి మాటను ఇంకొకరికి చేరవేయడాన్నే ఇంగ్లీషు వ్యాకరణంలో రిపోర్టెడ్ స్పీచ్ అంటారు. సీబీఎస్ఈ 9, 10 తరగతుల ఇంగ్లీషు సిలబస్‌లోనూ ఇది ఉంది. ఆదివారాల్లో మయూర్ విహార్‌లోని మా ఇంటికి వచ్చే పిల్లలకు నేను ఈ పాఠం చెబుతుంటాను. వాళ్లు ఎక్కువగా ఎక్కడ తడబడతారో అక్కడి నుంచే మొదలుపెడదాం.

తడబాటు ఎందుకు?

"రేపు వస్తానని రవి చెప్పాడు" అంటాం. ఇందులో 'వస్తాను' అన్నది రవి నోటి మాటే. దాన్ని కదపకుండా చివర 'అని' తగిలించాం, అంతే. హిందీలోనూ "ఉస్‌నే కహా కి మై కల్ ఆవూంగా" అంటారు. 'మై' మారలేదు, కాలమూ మారలేదు. ఈ అలవాటుతో పిల్లలు "హీ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అని రాసేస్తారు. ఇంగ్లీషులో దానికి 'నేను వస్తానని అతను చెప్పాడు' అని అర్థం. వచ్చే మనిషే మారిపోయాడు!

మన వృత్తిలో ఇది నవ్వుకుని వదిలేసే తప్పు కాదు. బాకీదారు ఫోన్‌లో "ఐ విల్ పే ఆన్ మండే" అన్నారనుకోండి. రిపోర్టులో "హీ సెడ్ దట్ ఐ విల్ పే ఆన్ మండే" అని రాస్తే, బాకీ కట్టే బాధ్యత రాసినవారి మీదే పడుతుంది. "హీ సెడ్ దట్ హీ వుడ్ పే ఆన్ మండే" అని రాయాలి.

మార్చాల్సినవి మూడు

ఒకటి, మనిషి. 'ఐ', 'మై' వంటివి మాట్లాడినవారిని బట్టి మారతాయి. 'యు', 'యువర్' విన్నవారిని బట్టి మారతాయి. 'హీ', 'షీ', 'దే' మారవు.

రెండు, కాలం. 'సెడ్' అని భూతకాలంలో ఉంటే లోపలి క్రియ ఒక అడుగు వెనక్కి వెళ్తుంది. 'ఈజ్' అన్నది 'వజ్' అవుతుంది. 'హాజ్ కమ్', 'కేమ్' రెండూ 'హాడ్ కమ్' అవుతాయి. 'విల్' 'వుడ్' గా, 'కెన్' 'కుడ్' గా, 'మే' 'మైట్' గా మారతాయి. 'హీ సేస్' అని వర్తమానంలో ఉంటే కాలం మార్చక్కర్లేదు. నిత్యసత్యాలనూ కదపక్కర్లేదు.

మూడు, సమయం, చోటు. 'టుడే' 'దట్ డే' అవుతుంది, 'నౌ' 'దెన్' అవుతుంది, 'హియర్' 'దేర్' అవుతుంది. 'టుమారో' కి 'ద నెక్స్ట్ డే', 'యెస్టర్డే' కి 'ద ప్రీవియస్ డే' వాడతాం. ఢిల్లీ పిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేక చిక్కు ఉంది. హిందీ 'కల్' నిన్న కూడా, రేపు కూడా. క్రియను చూసి ఏదో తేల్చుకున్నాకే ఇంగ్లీషులో పెట్టాలి. విన్న రోజే చెబుతుంటే 'టుమారో' అలాగే ఉండొచ్చు. పరీక్షలో మాత్రం పై నియమమే పాటించండి.

మూడూ కలిసిన ఉదాహరణ చూడండి. ద మేనేజర్ సెడ్ టు సీత, "ఐ విల్ కాల్ యు టుమారో." మేనేజరు పురుషుడనుకుంటే: ద మేనేజర్ టోల్డ్ సీత దట్ హీ వుడ్ కాల్ హర్ ద నెక్స్ట్ డే. 'సెడ్ టు' 'టోల్డ్' అయింది, కొటేషన్ గుర్తులు పోయాయి.

ప్రశ్నలు, ఆజ్ఞలు

ప్రశ్నకు 'ఆస్క్డ్' వాడాలి. ఇంటి ఓనరు అమ్మను "వేర్ డు యు వర్క్?" అని అడిగితే: హీ ఆస్క్డ్ మదర్ వేర్ షీ వర్క్డ్. 'డు' పోయింది, ప్రశ్నార్థకం పోయింది, వాక్యం మామూలు వరుసలోకి వచ్చింది. అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నయితే 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ చేర్చాలి. 'దట్' రాకూడదు.

ఆజ్ఞలకు 'టు' కావాలి. మెట్రోలో రోజూ వినే "ప్లీజ్ మైండ్ ద గ్యాప్" ను ఇలా మార్చవచ్చు: ది అనౌన్స్‌మెంట్ రిక్వెస్టెడ్ ద ప్యాసింజర్స్ టు మైండ్ ద గ్యాప్. 'ప్లీజ్' లోని మర్యాద 'రిక్వెస్టెడ్' లోకి చేరింది.

వద్దని చెప్పే మాటలో ఇంకా జాగ్రత్త అవసరం. డాక్టరు నాయనమ్మతో "డోంట్ టేక్ దిస్ టాబ్లెట్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్" అన్నారు. ద డాక్టర్ టోల్డ్ గ్రాండ్‌మదర్ నాట్ టు టేక్ దట్ టాబ్లెట్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్. ఈ 'నాట్' జారిపోతే పరీక్షలో పోయేది ఒక మార్కే, ఇంట్లో మాత్రం నాయనమ్మ పరగడుపున మాత్ర వేసుకుంటుంది. అందుకే పిల్లలకు నేను ముందు 'నాట్' రాసి, తర్వాత మిగతా వాక్యం పూర్తిచేయమంటాను.

మీరే చేయండి

1. ద గార్డ్ సెడ్ టు మీ, "యువర్ పార్సెల్ హాజ్ కమ్."
2. ద నైబర్ సెడ్ టు మదర్, "ఆర్ యు గోయింగ్ టు విజయవాడ టుడే?"
3. ద టీచర్ సెడ్ టు అజ్, "డోంట్ రైట్ ఇన్ పెన్సిల్."
4. గ్రాండ్‌ఫాదర్ సెడ్, "ద సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్."

జవాబులు

1. ద గార్డ్ టోల్డ్ మీ దట్ మై పార్సెల్ హాడ్ కమ్.
2. ద నైబర్ ఆస్క్డ్ మదర్ ఇఫ్ షీ వజ్ గోయింగ్ టు విజయవాడ దట్ డే.
3. ద టీచర్ టోల్డ్ అజ్ నాట్ టు రైట్ ఇన్ పెన్సిల్.
4. గ్రాండ్‌ఫాదర్ సెడ్ దట్ ద సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్. (నిత్యసత్యం కాబట్టి కాలం మారలేదు.)

రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో ఒక్కొక్కరూ ఆ రోజు విన్న ఒక మాటను ఇలా ఇంగ్లీషులో చేరవేసి చూడండి. వారం తిరిగేసరికి నియమాలు బట్టీ పట్టే పని తగ్గుతుంది.