తలుపు తెరిచే మీట : ఒక పరిశీలన

తాళం మానవుడు చాలా పూర్వమే కనిపెట్టిన సాధనం. అయితే మన తాతల కాలం వరకూ తాళమంటే ఇనుము, ఇత్తడి, ఒక స్ప్రింగు, అంతే. ఇప్పుడు విద్యుచ్ఛక్తి వచ్చి తాళంలో కూర్చున్నది. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో కార్డు చూపిస్తేనో, వేలు ఆనిస్తేనో తలుపు తెరుచుకుంటుంది. లోపలికి ఎవరిని రానివ్వాలో తేల్చే ఈ యంత్రాల గురించి ప్రకటనలు కొల్లలుగా ఉన్నాయి. కానీ లోపల ఉన్నవాడు బయటకు ఎట్లా పోవాలన్నది గోడమీది ఒక చిన్న మీట చూసుకుంటుంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ మీటను గురించీ, దానికి జతగా అమర్చే తాళంచెవి స్విచ్చిని గురించీ నాకు తెలిసినంతవరకు ఈ వ్యాసంలో వివరించదలచాను.

నేను డిగ్రీ రెండవ సంవత్సరం భౌతికశాస్త్ర విద్యార్థిని. మాది నల్లగొండ జిల్లాలో వ్యవసాయ కుటుంబం. చదువుకోసం హైదరాబాదు వచ్చి పాతబస్తీలోని మొఘల్‌పురాలో మా పెద్దనాన్న కొడుకు దగ్గర ఉంటున్నాను. అన్నది కరెంటు పని. ఆదివారాల్లో నేను నిచ్చెన మోస్తాను, వైరు లాగుతాను. కనుక ఈ వ్యాసంలో కొంత పుస్తకంలోంచి వచ్చింది, కొంత నిచ్చెనమీంచి వచ్చింది.

ముందు తాళం సంగతి చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది విద్యుదయస్కాంత తాళం. తలుపు చట్రానికి పైన ఒక దిమ్మె ఉంటుంది, అందులో తీగచుట్ట. తలుపుకు ఒక మెత్తటి ఇనుప పలక బిగిస్తారు. 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, సుమారు అర ఆంపియరు ప్రవహిస్తే చాలు, దిమ్మె పలకను పట్టుకుంటుంది. బజారులో మామూలుగా దొరికే రకం 280 కిలోల పట్టు కలది. మా ఊరి లెక్కలో చెప్పాలంటే 40 కిలోల వడ్ల బస్తాలు ఏడింటిని వేలాడదీయవచ్చు. అర ఆంపియరుకు ఇంత బలమా అని నేను మొదట నమ్మలేదు. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. అభివాహ సాంద్రత ఒక టెస్లా ఉన్నచోట అయస్కాంతం ప్రతి చదరపు సెంటీమీటరుకు దాదాపు 40 న్యూటన్ల బలంతో, అనగా నాలుగు కిలోల బరువుతో సమానంగా లాగుతుంది. 280 కిలోలకు 70 చదరపు సెంటీమీటర్లు చాలు. మన అరచేయంత జాగా!

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ బలం సాంద్రత యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సాంద్రత సగమైతే బలం నాలుగోవంతుకు పడిపోతుంది. దిమ్మెకూ పలకకూ మధ్య సన్నని ఎడం వచ్చినా సాంద్రత తగ్గుతుంది. తలుపుకు రంగు వేసే మేస్త్రీ ఉదారంగా పలకమీద కూడా ఓ చెయ్యి వేశాడనుకోండి, ఏడు బస్తాలు రెండు బస్తాలైపోతాయి. అందుకే పలకను రబ్బరు వాషరుమీద కొంచెం వదులుగా బిగిస్తారు. అది తనకు తానే దిమ్మెకు సమంగా ఆనుకుంటుంది. కరెంటు తీసేశాక ఇనుములో మిగిలే అవశేష అయస్కాంతత్వంవల్ల తలుపు కొద్దిగా అతుక్కోకుండా, విడదీయడానికి చిన్న స్ప్రింగు పిన్ను కూడా పెడతారు.

ఈ తాళంలో ముఖ్యమైన గుణం, కరెంటు పోతే వదిలేయడం. దీన్ని ‘ఫెయిల్ సేఫ్’ అంటారు. కరెంటు పోయినా పట్టే ఉండే గడియ రకం తాళాలూ ఉన్నాయి. వాటిని ‘ఫెయిల్ సెక్యూర్’ అంటారు. అటువంటి తాళం పెట్టినచోట లోపలివైపు చేతితో తిప్పితే తెరుచుకునే పిడి తప్పక ఉండాలి. మరొక తేడా కూడా ఉంది. గడియ కదలాలంటే తలుపు దానిమీద ఒత్తకూడదు. భయపడిన పదిమంది ఒక్కసారిగా తలుపును తోస్తుంటే గడియ బిగుసుకుపోవచ్చు. అయస్కాంతంలో కదిలే భాగమే లేదు కనుక ఎంతమంది తోసినా, కరెంటు తెగిన క్షణానే అది విడుస్తుంది.

అయితే ఆ కరెంటును తెంచేది ఎవరు? మీట. ఇక్కడికి వచ్చేసరికి నాకు మా బావికాడి మోటారు స్టార్టరు గుర్తొచ్చింది. వ్యవసాయ కుటుంబాలనుంచి వచ్చిన మిత్రులు దాన్ని చిన్నప్పటినుంచీ చూసే ఉంటారు. పచ్చ మీట నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్ర మీట నొక్కితే ఆగుతుంది. రెండూ మీటలే అయినా లోపల తీరు వేరు. పచ్చ మీటలోని కాంటాక్టు మామూలుగా తెరిచి ఉంటుంది, నొక్కితే కలుస్తుంది. ఎర్ర మీటలోది మామూలుగా కలిసి ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. స్టార్టరు కాయిలుకు పోయే కరెంటు ఎర్ర మీటగుండానే పోతుంది. ఎందుకట్లా చేశారు? ఎర్ర మీట వైరును ఎలుక కొరికినా, స్క్రూ వదులైనా మోటారు ఆగిపోతుంది. ఆపే దారి చెడిపోతే యంత్రం ఆగే వైపుకే చెడాలి గాని, ఆగకుండా నడిచే వైపుకు చెడకూడదన్నది దీనిలోని సూత్రం.

తలుపు దగ్గర కూడా ఇదే లెక్క. బయటకుపోయే మీటకు పచ్చరంగు వేస్తారు గాని, దాని పని మన స్టార్టరులోని ఎర్ర మీట పని. ఈ మీటల వెనుక సాధారణంగా మూడు స్క్రూలు ఉంటాయి: ఒకటి ఉమ్మడిది, ఒకటి ‘నార్మలీ ఓపెన్’, ఒకటి ‘నార్మలీ క్లోజ్డ్’. చవకగా పని ముగించే వాళ్లు ఓపెన్ కాంటాక్టునుంచి రెండు సన్నని తీగలు తీసి కార్డు యంత్రానికి కలిపి వదిలేస్తారు. మీట నొక్కితే యంత్రానికి కబురు పోతుంది. యంత్రం ఆలోచించి తాళానికి కరెంటు ఆపుతుంది. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ కనిపించదు. కానీ యంత్రం మొరాయిస్తే? తీగ తెగితే? మీట నొక్కేవాడు నొక్కుతూనే ఉంటాడు, కబురు అందేచోట ఎవరూ ఉండరు. పైగా తీగ తెగిన సంగతి నొక్కి చూసేదాకా ఎవరికీ తెలియదు. అదే క్లోజ్డ్ కాంటాక్టును తాళంతో శ్రేణిలో కలిపితే మీట నొక్కగానే తాళానికే కరెంటు తెగుతుంది. యంత్రంతో పని లేదు. తీగ తెగితే తలుపు తెరుచుకుంటుంది, ఆ క్షణమే యజమానికి తెలుస్తుంది.

బ్యాటరీ సంగతి ఇంకా ముఖ్యం. కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుంది కదా, ఇంక మీటకేం తొందర అని కొందరు అడుగుతారు. వారు బ్యాటరీని మరిచిపోతున్నారు. కరెంటు పోయినప్పుడల్లా తలుపు బార్లా తెరుచుకుంటే దొంగలకు పండగ కనుక ప్రతి తాళానికీ 12 వోల్టుల బ్యాటరీ పెడతారు. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అర ఆంపియరు తాళాన్ని లెక్కప్రకారం 14 గంటలు పట్టి ఉంచుతుంది. నిజానికి కొంచెం తక్కువే వస్తుంది. అంటే మంట లేచి మెయిన్ పడిపోయి, ఇల్లంతా చీకటైన తరువాత కూడా అయస్కాంతం తలుపును వదలదు. కనుక మీట తెంచవలసింది గోడనుంచి వచ్చే కరెంటును కాదు, బ్యాటరీ దాటిన తరువాత తాళానికి పోయే తీగను. రోజువారీ మీటకు తోడు, నొక్కితే అట్లాగే ఉండిపోయే పచ్చని అత్యవసర డబ్బీ ఒకటి దొరుకుతుంది. దాన్ని ఇదే తీగలో పెట్టాలి. కరెంటును తెంచినప్పుడు తీగచుట్టలో పుట్టే ఎదురు వోల్టేజి మీట కాంటాక్టులను కాల్చివేయకుండా చుట్టకు అడ్డంగా ఒక డయోడు వేయడం మంచిది. రెండు మూడు రూపాయల వస్తువు.

ఇక తాళంచెవి స్విచ్చి. మా గల్లీకి దగ్గరలోనే ఒక జరీ పని కార్ఖానా ఉన్నది. మేడమీద ఒకటే పెద్ద గది, ఒకటే మెట్లు, పదకొండుమంది పనివాళ్లు. తలుపుకు అయస్కాంత తాళం పెట్టించాలని సేఠ్ అన్నను పిలిచాడు. లోపలివైపు మీట వద్దు, చాబీ స్విచ్చి పెట్టమన్నాడు.

“మీట పెడితే మాల్ పట్టుకొని ఎవడంటే వాడు దిగిపోతడు భాయ్. చాబీ నా జేబులో ఉంటది, నన్ను అడిగి పోతరు.”

“మీరు నమాజుకు పోయినరనుకోండి సేఠ్. పైన పొగ లేచింది. చాబీ మీ జేబుల ఉంది. వాళ్లేం జేస్తరు?” అన్నాడు అన్న.

సేఠ్ చెడ్డవాడు కాడు. ఆయన బాధ ఆయనది. జరీ ఉండలు తగ్గుతున్నాయి, ఎవరిని అడగాలో తెలియదు. అందువల్ల అన్న ఒక ఉపాయం చెప్పాడు. మీటలో రెండు జతల కాంటాక్టులు ఉన్నది తెస్తే, ఒక జత తాళానికి కరెంటు తెంచుతుంది, రెండవ జత కింద దుకాణంలో గంట మోగిస్తుంది. పోయేవాణ్ని ఆపదు, పోతున్నాడని చెబుతుంది. సేఠ్ “ఘంటీ గట్టిగా మోగుతదా?” అని మూడుసార్లు అడిగాడు. పచ్చ డబ్బీకి మాత్రం దండగ ఖర్చన్నాడు. అది లేకుంటే పని చేయనని అన్న పానాలు సంచిలో వేసుకున్నాక ఒప్పుకున్నాడు. చాబీ స్విచ్చి బయటివైపు గోడకు పోయింది. దాని అసలు చోటు అదే.

ఈ సేఠ్ ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్కులో ట్రయాంగిల్ అనే బట్టల కార్ఖానాలో 1911 మార్చి 25న మంటలు లేచినప్పుడు మెట్లవైపు ఒక తలుపుకు తాళం వేసి ఉన్నది. పనివాళ్లు దొంగతనం చేస్తారేమోనన్న అనుమానమే దానికి కారణం. 146 మంది మరణించారు, వారిలో చాలామంది మన వయసు ఆడపిల్లలు. అంతకు ముందు 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరోక్వాయ్ నాటకశాలలో ఆరువందలమందికి పైగా చనిపోయారు. తలుపులు ఉన్నాయి, తెరవడం తెలియలేదు. ఆ దుర్ఘటన తరువాతనే, ఒంటితో తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీ తలుపు 1908లో బజారులోకి వచ్చింది. మన ఢిల్లీలో ఉపహార్ సినిమా హాలులో 1997 జూన్ 13న 59 మంది ఊపిరాడక పోయారు.

మా మొఘల్‌పురాలో ఒక అగ్నిమాపక కేంద్రం ఉన్నది. 2025 మే 18 ఉదయం ఆరు దాటాక అక్కడినుంచే బండి గుల్జార్ హౌజ్‌కు పరుగెత్తింది. కింద ముత్యాల దుకాణం, పైన కాపురం. 17 మంది పోయారు, వారిలో 8 మంది పసిపిల్లలు. అది ఎలక్ట్రిక్ తాళం కథ కాదు, ఇరుకు దారి, సన్నని మెట్ల కథ. కానీ పాతబస్తీలో మేడమీది గదులన్నిటికీ దారులు అట్లాంటివే. ఒకటే మెట్లున్న చోట ఆ ఒక్క తలుపుకు ఏ మీట పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. భారత జాతీయ భవన నియమావళి (2016) ప్రకారం కూడా బయటకు పోయే తలుపు లోపలివైపునుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

బయటి గోడకు పెట్టే చాబీ స్విచ్చి కొనేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోవాలి. తిప్పి వదిలితే వెనక్కి వచ్చే రకం ఒకటి, తిప్పినచోటే నిలిచే రకం ఒకటి. కార్డు పోయిన రోజు వాచ్‌మన్ తలుపు తీయడానికి మొదటిది చాలు. పొద్దంతా తలుపు తెరిచి ఉంచాలంటే రెండవది కావాలి. అటువంటప్పుడు ‘తెరిచిన’ స్థితిలో చాబీ బయటకు రాని రకం కొనాలి. చాబీ దానిలోనే వేలాడుతుంటే తలుపు తెరిచి ఉన్నదని గుర్తుంటుంది. చవక స్విచ్చిల్లో చాలావాటికి ఒకే చాబీ పడుతుంది, కనుక దుకాణంలోనే ఇంకో పెట్టెలోని చాబీ పెట్టి తిప్పి చూడండి. దుకాణదారుకు కోపం వస్తే రానివ్వండి. ఇంకొకటి: బయటి స్విచ్చికి లోపలి మీట సూత్రం పనికిరాదు. దాన్ని క్లోజ్డ్ కాంటాక్టుతో తాళం తీగలో వేస్తే, దొంగ డబ్బీ ఊడబీకి ఒక తీగ తెంచితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి బయటిదాన్ని ఓపెన్ కాంటాక్టుతో, లోపల ఉండే యంత్రానికి కలపాలి. అట్లా కలిపినా తీగలు దొంగకు అందితే రెంటినీ ముడివేసి తలుపు తీయగలడు, అందుకే డబ్బీ గోడలోపలికి దిగి గట్టిగా ఉండాలి.

లోపలి మీట విషయంలో స్టీలు పలక, పెద్ద పచ్చ మీట నాకు నచ్చినవి. చెయ్యి ఊపితే పనిచేసే పరారుణ రకం ఆసుపత్రికి బాగుంటుంది. మా గల్లీలో ఎండ సూటిగా పడేచోట, కర్టెను ఊగేచోట అది పిలవకుండానే తలుపు తెరుస్తుంది, పైగా దానికి విడిగా కరెంటు కావాలి. అమెరికా నియమావళి ఎన్.ఎఫ్.పి.ఎ. 101 మీటను తలుపుకు ఒకటిన్నర మీటరు దూరంలోపల, నేలకు మీటరునుంచి మీటరూ పావు లోపు ఎత్తులో పెట్టమంటుంది. నొక్కితే నేరుగా తాళం కరెంటు తెగి కనీసం 30 సెకండ్లు తలుపు తెరిచి ఉండాలంటుంది. ఆ ఎత్తు చక్రాల కుర్చీలో ఉన్నవారికీ, పొగలో వంగి నడిచేవారికీ అందుతుంది. జాలీ ఉన్న తలుపైతే బయటినుంచి కర్రతో మీట అందకుండా చూడాలి. పక్కన తెలుగు, ఉర్దూ, హిందీలలో రాసి, చదువురానివారికోసం ఒక బాణం గుర్తు వేస్తే ఇంకా మంచిది. మన పాతబస్తీ కార్ఖానాల్లో బీహారునుంచి వచ్చిన పిల్లలు కూడా పనిచేస్తున్నారు.

పరీక్షించే పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాను. నెలకొకసారి మెయిన్ ఆఫ్ చేసి, దీపాలార్పి, బ్యాటరీమీద తాళం పట్టి ఉన్నదని తలుపు లాగి చూసి, ఆ తరువాత కార్డు యంత్రం తీగ ఊడదీసి, చేతితో తడుముకుంటూ పోయి మీట నొక్కాలి. ఆ తరువాత పచ్చ డబ్బీ నొక్కాలి. రెండింటికీ తలుపు వదలాలి. అన్న ప్రతిసారీ డబ్బీ మూత లోపలివైపు స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తాడు. తేదీలు ఆగిపోయిన డబ్బీ కనిపిస్తే, వేరే పనికి వెళ్లినా సరే, ముందు ఆ తలుపు చూస్తాడు.