సైకిలుపై సాలూరుకు

ఉద్దేశం: మనం నివసించే ప్రాంతపు నైసర్గిక స్వరూపాన్ని, చరిత్రను తెలుసుకోవడం, ప్రయాణంలో పాటించవలసిన జాగ్రత్తలను గ్రహించడం.

కార్తిక మాసం. తెల్లవారుజామున కోరాపుట్ వీధుల్లో మంచు దట్టంగా కమ్ముకొని ఉంది. అన్నదమ్ములిద్దరు సైకిళ్ళు బయటికి తీశారు. అన్న కళాశాలలో చదువుతున్నాడు. తమ్ముడిది తొమ్మిదో తరగతి. సాలూరులోని అమ్మమ్మ ఇంటికి ఏటా బస్సులో వెళ్ళే ఆ పిల్లలు ఈసారి సైకిళ్ళపై వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. దారి సుమారు 80 కిలోమీటర్లు.

"బ్రేకు రబ్బర్లు మార్పించావు కదా?" అని అన్న అడిగాడు.

"ఆఁ" అన్నాడు తమ్ముడు. అతని సైకిలుకు కొత్త గంట తళతళ మెరుస్తోంది.

సునాబెడా చేరేసరికి మంచు విడిపోయింది. విమాన ఇంజన్ల కర్మాగారం ఉన్న ఊరు అది. సెమిలిగుడ దాటాక దారికి ఇరువైపులా వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. అక్కడక్కడ రాగి చేలు, అల్లపు మడులు కనిపించాయి. దూరాన దేవమాలి శిఖరం నీలంగా నిలిచి ఉంది. దాని ఎత్తు 1672 మీటర్లు. ఒడిశాలో అంతకన్న ఎత్తైన శిఖరం లేదు.

ఎండ ముదిరింది. ఒక మామిడిచెట్టు నీడన ఇద్దరూ ఆగారు. పొలం నుంచి వస్తున్న ఒక పరజ స్త్రీ వారిని చూసి, దేశియా భాషలో ఎక్కడికని పలకరించింది. తమ్ముడు ఆ భాషలోనే బదులు చెప్పాడు. ఆమె నవ్వి, సొరబుర్రలోని అంబలి ఇద్దరికీ పోసింది. దాన్ని అక్కడివారు మాండియా పేజు అంటారు. చల్లని ఆ రాగి అంబలి తాగగానే అలసట తీరింది.

"అన్నయ్యా, మనం ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడతాం. ఇక్కడ ఇన్ని భాషలు ఎందుకున్నాయి?" అని తమ్ముడు అడిగాడు.

"ఈ కొండల్లో పరజలు, గదబలు, కోదులు మొదలైనవారు తరతరాలుగా ఉంటున్నారు. ఒకప్పుడు కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1992లో రాయగడ వేరే జిల్లా అయింది. హద్దులు మారినా, మనుషుల రాకపోకలు ఆగలేదు. నీళ్ళు కూడా అంతే. ఇక్కడ పుట్టిన కొలాబ్ నది దిగువన శబరి అనే పేరుతో గోదావరిలో కలుస్తుంది. సాలూరు పక్కన పారే వేగావతి, రాయగడ మీదుగా వచ్చే నాగావళిలో కలుస్తుంది" అని అన్న వివరించాడు.

ప్రయాణం మళ్ళీ సాగింది. వియత్నాం సముద్రతీరంలో హై వాన్ అనే కనుమ ఉందనీ, ఆ పేరుకు సముద్రపు మబ్బు అని అర్థమనీ అన్న చెప్పాడు. 2005లో అక్కడ కొండ కింద సొరంగం తెరిచాక లారీలు అటు మళ్ళాయి. పై దారి సైకిలు యాత్రికులకు అనువైంది. సుంకి ఘాటులో మాత్రం లారీలకు, బస్సులకు, సైకిళ్ళకు ఒకటే దారి.

పొట్టంగి దాటారు. ఎదుట రోడ్డు మలుపులు తిరుగుతూ లోయలోకి దిగుతోంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటే, సాలూరు ఎత్తు సుమారు 120 మీటర్లే. ఆ తేడా అంతా ఇక్కడినుంచే దిగాలి. తమ్ముడు సైకిలు ఆపేశాడు. అతని ముఖం వాడిపోయింది.

"అన్నయ్యా, నేను రబ్బర్లు మార్పించలేదు. నాన్నగారు ఇచ్చిన డబ్బుతో ఈ గంట కొన్నాను."

అన్న వంగి చూశాడు. రబ్బర్లు అరిగి, వెనుక ఇనుము బయటపడుతోంది. కాసేపు అతను మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నాడు: "దిగుడులో సైకిలు వేగాన్ని ఆపేది రబ్బరు, రిమ్ముల మధ్య రాపిడే. ఆ రాపిడికి వేడి పుడుతుంది. కొత్త రబ్బర్లయినా అదేపనిగా నొక్కి ఉంచకుండా, నొక్కుతూ వదులుతూ దిగాలి. ఇవి ఒక్క మలుపు కూడా ఆగవు. నడుద్దాం."

"నువ్వు తొక్కుకుంటూ వెళ్ళు. నేను నడిచి వస్తాను. తప్పు నాది."

"ఇద్దరం కలిసి బయలుదేరాం. కలిసే చేరదాం" అని అన్న సైకిలు దిగాడు.

లారీలు హోరుమంటూ పక్కనుంచి పోతున్నాయి. ఇద్దరూ రోడ్డు అంచున, ఒకరి వెనుక ఒకరు, సైకిళ్ళు పట్టుకొని నడిచారు. ఘాటులో ఫోను పనిచేయలేదు. పాదాలు బొబ్బలెక్కాయి. సూర్యుడు కొండ వెనక్కి వాలాడు. మైదానంలోకి దిగాక తిరిగి సైకిళ్ళు ఎక్కి, మెల్లగా తొక్కుతూ రాత్రివేళకు సాలూరు చేరారు.

అమ్మమ్మ వీధి అరుగుమీదే కూర్చొని ఉంది. "ఇంత చీకటి పడిందేం నాయనా?" అంటూ ఎదురొచ్చింది. అన్న నోరు తెరిచేలోగా, తమ్ముడే ముందుకు వచ్చి జరిగినదంతా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే సైకిలు దుకాణం తెరవగానే మొదట నిలబడినవాడు తమ్ముడే. తాను దాచుకున్న డబ్బుతో కొత్త రబ్బర్లు వేయించాడు.

పదాలు - అర్థాలు
నైసర్గిక స్వరూపం = ప్రకృతి సిద్ధమైన ఆకృతి
కనుమ = కొండల నడుమ దారి
రాపిడి = ఒరిపిడి
అరుగు = ఇంటి ముందరి తిన్నె

అభ్యాసం
1. కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో తెలుగువారు ఉండడానికి గల చారిత్రక కారణం ఏమిటి?
2. తమ్ముడు ఘాటుకు ముందే నిజం చెప్పకపోతే ఏం జరిగి ఉండేది?
3. అన్న తాను కూడా ఎందుకు నడిచాడు? మీరైతే ఏం చేసేవారు?
4. మీ ఊరి దగ్గర ఉన్న నది ఎక్కడ పుట్టి, ఎక్కడ కలుస్తుందో పెద్దలను అడిగి రాయండి.