సున్నా బ్రోకరేజీ లెక్క

మన సిబ్బంది ఇళ్లలో ఇప్పుడు డీమ్యాట్ ఖాతా లేని ఇల్లు తక్కువ. పిల్లలు ఉద్యోగంలో చేరిన నెలకే ఫోనులో యాప్ పెట్టుకుని షేర్లు కొంటున్నారు. "నాకు బ్రోకరేజీయే పడదు" అనే మాట తరచూ వింటున్నాను. అది చాలావరకు నిజమే. అయితే బ్రోకరేజీ పడకపోవడం వేరు, ఖర్చు పడకపోవడం వేరు. ఆ తేడా ఎంతో ఇక్కడ రూపాయల్లో చూద్దాం. షేర్లు కొనమని గానీ మానమని గానీ చెప్పడం నా పని కాదు.

పాత పద్ధతిలో బ్రోకరు మన కొనుగోలు విలువ మీద శాతం తీసుకునేవారు. అర శాతం చొప్పున అయితే లక్ష రూపాయల షేర్లు కొంటే 500, అమ్మితే మరో 500. బదులుగా ఫోను ఎత్తేవారు, ఏది కొనాలో చెప్పేవారు, ఫారాలు నింపిపెట్టేవారు. 2010లో బెంగళూరులో మొదలైన జెరోధా ఈ శాతాన్ని పక్కన పెట్టి, విలువ ఎంతైనా ఆర్డరుకు ఇంత అనే పద్ధతి నడిపింది. 2015 డిసెంబరులో డెలివరీకి, అంటే షేరు కొని మన ఖాతాలో ఉంచుకునే లావాదేవీకి, బ్రోకరేజీ పూర్తిగా ఎత్తేసింది. తరువాత ఇదే బాటలో మరికొన్ని సంస్థలు వచ్చాయి. అన్నీ ఒకలా లేవు. కొన్ని డెలివరీకి కూడా ఆర్డరుకు 20 రూపాయల దాకా తీసుకుంటాయి. వీటిని డిస్కౌంట్ బ్రోకర్లు అంటున్నాం. ధరతో పాటు సేవా తగ్గింది. ఏది కొనాలో చెప్పే మనిషి అక్కడ ఉండరు, నిర్ణయం పూర్తిగా మనదే.

ఇక లెక్క. సున్నా బ్రోకరేజీ ఉన్న చోట లక్ష రూపాయల షేర్లు డెలివరీకి కొన్నారనుకోండి. సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను 0.1 శాతం, అంటే 100 రూపాయలు. స్టాంపు డ్యూటీ 15 రూపాయలు. ఎక్స్ఛేంజి రుసుము సుమారు 3 రూపాయలు. సెబీ రుసుము పది పైసలు. ఆ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ అర్ధరూపాయి పైచిలుకు. మొత్తం దాదాపు 119 రూపాయలు. అమ్మేటప్పుడు స్టాంపు డ్యూటీ ఉండదు, కానీ డీమ్యాట్ ఖాతాలోంచి షేరు బయటికి వెళ్లినందుకు డీపీ చార్జీ ఉంటుంది. చాలా సంస్థల్లో అది జీఎస్టీతో కలిపి 15 నుంచి 25 రూపాయల మధ్య ఉంది. అంటే రెండు వైపులా కలిపి 240 రూపాయలు. అర శాతం తీసుకునే బ్రోకరు దగ్గర ఇదే పనికి 1,400 దాటుతుంది. కొని ఏళ్ల తరబడి ఉంచుకునేవారికి డిస్కౌంట్ బ్రోకరు వల్ల మిగులు స్పష్టంగా ఉంది.

డీపీ చార్జీ గురించి ఒక మాట. ఒక కంపెనీ షేర్లు ఒక రోజులో ఎన్ని అమ్మినా ఇది ఒక్కసారే పడుతుంది. అందువల్ల లక్ష రూపాయల అమ్మకానికి అది లెక్కలోకి రాదు. అదే 2,000 రూపాయల షేర్లు అమ్మితే 20 రూపాయలంటే ఒక శాతం. చిన్న మొత్తాల్లో కొనడం మంచి అలవాటే, అమ్మకాన్ని మాత్రం రోజుకో ముక్క చొప్పున చేయకండి.

పదవీ విరమణ చేసిన మిత్రుడి శ్రీమతి ఆ మధ్య ఒక స్టేట్‌మెంటు నా ముందు పెట్టారు. "అన్నయ్యగారూ, బ్రోకరేజీ లేదంటాడు. మరి నెలకు మూడు వేలు ఎవరికి పోతున్నాయి?" అన్నారు. గ్రాట్యుటీ సొమ్ములోంచి తండ్రి ఇచ్చిన లక్ష రూపాయలతో వాళ్ల అబ్బాయి రోజుకు రెండుసార్లు ఇంట్రాడే చేస్తున్నాడు, అంటే ఉదయం కొన్నది సాయంత్రంలోగా అమ్మేయడం. ఇక్కడ బ్రోకరేజీ సున్నా కాదు. కొనుగోలుకు 20, అమ్మకానికి 20. అమ్మకం మీద పన్ను 25, స్టాంపు డ్యూటీ 3, ఎక్స్ఛేంజి రుసుము 6, జీఎస్టీ 8 పైచిలుకు. ఒక్క విడతకు సుమారు 82 రూపాయలు. రోజుకు రెండు చొప్పున 20 రోజులకు 3,300. ఆ నెల ధరల తేడా మీద అబ్బాయికి 1,900 లాభం వచ్చింది. తాను గెలుస్తున్నాననే అతని నమ్మకం. ఖర్చు తీసేస్తే 1,400 నష్టం. ఇదే వేగంతో ఏడాది నడిస్తే ఖర్చులే దాదాపు 40,000, అంటే అసలులో నలభై శాతం. పైగా ఇంట్రాడే ఆదాయం వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది కనుక మనం మామూలుగా వేసే ఐటీఆర్-1 చాలదు, ఐటీఆర్-3 వేయాలి. ఆడిటరు ఫీజు వేరే.

డిస్కౌంట్ బ్రోకర్లకు రాబడి ప్రధానంగా ఇక్కడి నుంచే. ఏడాదికి నాలుగు షేర్లు కొని ఊరుకునేవారి నుంచి వారికి వచ్చేది స్వల్పం, రోజూ ఇంట్రాడే, ఫ్యూచర్లు, ఆప్షన్లు చేసేవారి నుంచి వచ్చేది అధికం. అందుకే యాప్‌లో ఆప్షన్ల బొత్తాం అంత సులువుగా చేతికి తగులుతుందని నా అభిప్రాయం. 2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లు, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాటే.

"చౌక బ్రోకరు దగ్గర షేర్లు భద్రమేనా?" అని చాలామంది అడుగుతారు. భద్రతకూ బ్రోకరేజీ రేటుకూ సంబంధం లేదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్ డిస్కౌంట్ బ్రోకరు కాదు. ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చినందుకు 2019 నవంబరులో సెబీ దాని మీద చర్య తీసుకుంది. అప్పు ఇచ్చినవారిలో బ్యాంకులూ ఉన్నాయి, మనం గుర్తుంచుకోవలసిన సంగతి. షేర్లు ఉండేది ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ డిపాజిటరీలో, మన పేరు మీద. 2020 సెప్టెంబరు నుంచి మార్జిను కోసం షేర్లు తాకట్టు పెట్టినా అవి మన డీమ్యాట్‌లోనే ఉంటాయి, తాకట్టును మనం ఓటీపీతో ఒప్పుకోవాలి. డిపాజిటరీ నుంచి ఈమెయిల్‌కు వచ్చే ఏకీకృత స్టేట్‌మెంటును యాప్‌లో కనిపించే షేర్లతో సరిచూసుకోండి. లావాదేవీ జరిగిన ప్రతిసారీ వచ్చే కాంట్రాక్ట్ నోటులో, డీపీ చార్జీ తప్ప, పైన లెక్కవేసిన రుసుములన్నీ వరుసగా ఉంటాయి. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకూడదని మన ఇళ్లలో చెప్పనక్కరలేదు.

ఖాతాలో షేర్ల విలువ ఎక్కువ లేకపోతే బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ గురించి అడగండి. 2024 సెప్టెంబరు నుంచి 4 లక్షల లోపు విలువకు దానికి వార్షిక చార్జీ లేదు, 10 లక్షల వరకు ఏడాదికి 100 రూపాయలు మాత్రమే. కాకపోతే ఒక వ్యక్తికి ఇలాంటి ఖాతా ఒకటే.

సర్వీసులో ఉన్నవారికి ఇంకో సంగతి. మన ప్రవర్తనా నియమాలు షేర్లలో స్పెక్యులేషన్‌ను నిషేధిస్తాయి. మీ పేరు మీద ఉన్న ఖాతాలో పిల్లలు రోజూ ఇంట్రాడే చేస్తే రికార్డుల్లో అది మీ లావాదేవీగానే ఉంటుంది. ఖాతా వాళ్ల పేరున వాళ్లనే తెరుచుకోనివ్వండి. ఏడాదిలో మీ షేర్ల లావాదేవీలు ఎంత దాటితే బ్యాంకుకు తెలపాలో సిబ్బంది విభాగం సర్క్యులరులో చూసుకోండి.