సి భాషలో హెడర్ ఫైలు, లైబ్రరీ: రెండూ ఎందుకు?



మా వీధిలో డిప్లొమా చదివే అమ్మాయి ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు కళ్ళనీళ్ళతో వచ్చింది. వర్గమూలం కనుక్కునే ప్రోగ్రాం అది. "మ్యాత్.హెచ్ పెట్టాను తాతగారూ, అయినా ఎర్రర్ వస్తోంది. నాకిది రాదు, కోర్సు మానేస్తాను" అంది. నేను కామర్స్ చదివి బ్యాంకులో చెక్కులు చూసినవాణ్ణి. ఆమె పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరం చదివితే తెలిసింది ఇది.

హెడర్ ఫైలు చెక్కు ఫారం వంటిది. ఫంక్షన్ పేరు, దానికి ఏమివ్వాలి, అది ఏమి తిరిగిస్తుంది అన్నంతవరకే అందులో ఉంటుంది. లెక్కకట్టే అసలు కోడు, ముందే కంపైల్ చేసి ఉంచిన లైబ్రరీలో ఉంటుంది. అది ఖాతాలోని సొమ్ము. చెక్కు ఎంత చక్కగా రాసినా ఖాతాలో సొమ్ము లేకపోతే తిరిగి వస్తుంది కదా!

పని జరిగే వరుస ఇది:

1. ప్రీప్రాసెసర్ 'ఇంక్లూడ్' అన్నచోట హెడర్‌ను తెచ్చి అతికిస్తుంది.
2. కంపైలర్ ఆ ఫారం ప్రకారం మన రాత సరిచూసి ఆబ్జెక్ట్ ఫైలు తయారుచేస్తుంది.
3. లింకర్ ఆ ఫంక్షన్‌ను లైబ్రరీలో వెతికి కలుపుతుంది.

ప్రింట్ఎఫ్ ఉండే లైబ్రరీని జీసీసీ అడగకుండానే కలుపుతుంది. లైనక్స్‌లో గణిత లైబ్రరీ మాత్రం వేరు. కమాండులో ఫైలు పేరు తరువాత, చివర, హైఫన్ పెట్టి దానికి ఆనించి ఎల్, ఎం అక్షరాలు చేర్చాలి. ఆ అమ్మాయి మరిచినది ఇదే.

"మరి నిన్న నడిచిందే?" అని అడిగింది. నిన్న ప్రోగ్రాంలోనే 16 అని రాసింది. కంపైలర్ తానే 4 అని లెక్కకట్టి పెట్టేసింది, లైబ్రరీతో పని పడలేదు. ఇవాళ సంఖ్యను కీబోర్డు నుంచి తీసుకునేసరికి లోటు బయటపడింది.

చెక్కు తిరిగొస్తే కారణం రాసిన మెమో జతచేస్తారు. ఎర్రర్ కూడా అలాంటి మెమోయే. 'ఇంప్లిసిట్ డిక్లరేషన్' అంటే సాధారణంగా హెడర్ పెట్టలేదని, లేదా పేరు తప్పు రాశామని. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటే లింకర్‌కు ఆ ఫంక్షన్ దొరకలేదని. హెడర్ ఉన్నా ఇది వస్తే ముందు లైబ్రరీ సంగతి చూసుకోవాలి.

ఆ రెండక్షరాలు చేర్చగానే ప్రోగ్రాం నడిచింది. మర్నాడు అమ్మాయి పరీక్షకు వెళ్ళింది. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఎర్రర్ వచ్చిందంటే "నీకు రాదులే" అనకండి. "మెమోలో ఏం రాసి ఉంది?" అని అడగండి.