ప్లేగు వైద్యం: నాడు – నేడు

1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు కొద్ది ఏళ్లలోనే దక్కన్ అంతటా పాకింది. 1911లో హైదరాబాదు నగరాన్ని పట్టుకుంది. ఎలుకలు రాలడం చూడగానే పల్లె జనం ఊరు ఖాళీ చేసి, పొలాల్లో పాకలు వేసుకుని ఉండేవారు. అది వట్టి భయమేనా?

మధ్యయుగాల హకీములు గాలి చెడిపోవడమే ప్లేగుకు కారణమనుకున్నారు. నెత్తురు తీయించారు, గజ్జల్లో, చంకల్లో లేచిన గడ్డలను కోశారు, ధూపం వేశారు, సిర్కా చల్లారు. వీటితో రోగం నయం కాలేదు. అయినా వారి పరిశీలన గొప్పది. కలుగులోంచి తూలుతూ వచ్చి చచ్చిన ఎలుక గురించి, ఆ తర్వాత ఆ ఇంట్లో ప్లేగు సోకడం గురించి జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో రాశాడు. రోగి బట్టల ద్వారా కూడా అంటుకుంటుందని 14వ శతాబ్దంలోనే గ్రనడా పండితుడు ఇబ్నుల్ ఖతీబ్ వాదించాడు.

ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దనీ, మీరున్న ఊళ్లో వస్తే అక్కడి నుంచి పారిపోవద్దనీ దైవప్రవక్త (స) బోధించారు. హిజ్రీ 18లో సిరియాలో వచ్చిన అమ్వాస్ ప్లేగులో హజ్రత్ అబూ ఉబైదా (రజి) కన్నుమూశారు. ఆ తర్వాత హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జనాన్ని విడివిడిగా కొండల మీదికి పంపగా వ్యాధి తగ్గింది. రోగాన్ని వేరే ఊరికి మోయకుండా గుంపు నుంచి విడిపోవడమే ఇందులోని కిటుకు. మన పొలాల పాకల్లో ఉన్నదీ అదే తెలివి.

1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొన్నాడు. ఎలుకల మీది గోమార్లే దాన్ని మోస్తాయని 1898లో కరాచీలో సైమండ్ చూపాడు. నేడు స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులు త్వరగా ఇస్తే చాలామంది బతుకుతారు. ఊపిరితిత్తుల ప్లేగుకు మాత్రం 24 గంటల్లోపే వైద్యం మొదలుకావాలి. ఆలస్యమైతే ప్రాణం దక్కడం కష్టం.

1994లో సూరత్‌లో మందులున్నాయి. అయినా లక్షల మంది రైళ్లెక్కి పారిపోయారు. మందు దొరికిన కాలంలో పాత పాఠాన్ని మరిచిపోయాం.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో వరి గోదాములకు, గాదెలకు ఎలుకల బెడద ఎప్పుడూ ఉండేదే. కారణం తెలియకుండా ఎలుకలు వరసగా చచ్చిపడితే చేత్తో తాకకండి, ఆరోగ్య కేంద్రానికి వెంటనే చెప్పండి. జ్వరంతో పాటు గజ్జల్లోనో చంకలోనో గడ్డ లేస్తే దాచకండి. రోగాన్ని దాచడం సబ్ర్ కాదు. దువా చేద్దాం, మందూ వాడుదాం.