జ్ఞాపకము పోయినవారును ప్రభువు బల్లయు

పఠనభాగము: 1 కొరింథీయులకు 11:17–34



గత సంవత్సరము మా తల్లిగారు ప్రభువునందు నిద్రించిరి. చివరి ఆరు సంవత్సరములు ఆమెకు మతిమరుపు వ్యాధి యుండెను. పట్టణపు డాక్టరుగారు దానిని డిమెన్షియా అనిరి. అందులో ఎక్కువగా కనబడు రకమును 1906లో జర్మనీ వైద్యుడు అల్జీమర్ వివరించెను గనుక దానికి ఆయన పేరే నిలిచెను. ఇది మెదడుకు కలుగు జబ్బు. దయ్యము పట్టుట కాదు, పాపమునకు శిక్షయు కాదు. మన పల్లెలలో ఆ మాట ఇంకను వినబడుచున్నది గనుక వ్రాయుచున్నాము.

ఈ జబ్బులో సాధారణముగా నిన్నటి సంగతి ముందు పోవును, చిన్ననాటిది ఆలస్యముగా పోవును. అమ్మగారు భోజనము చేసి చెయ్యి ఆరకముందే, "నాకు అన్నం పెట్టలేదేమి?" అనెడివారు. మమ్మును చూచి, "నువ్వెవరి అబ్బాయివి నాయనా?" అని అడిగిరి. ఒక రాత్రి మాటిమాటికి తలుపు తీసికొని వీధిలోనికి పోవుచుండగా మేము ఓర్పు చాలక కేకవేసితిమి. ఆమె చంటిపిల్లవలె ఏడ్చిరి. మా సహధర్మిణి ఆమెను లోపలికి తెచ్చి, తల నిమురుచు, మా ఇంటి సాయంకాల ప్రార్థనలో పాడు కీర్తన ఎత్తుకొనెను. కొడుకు పేరు మరచిన ఆ నోరు మూడు చరణములు తప్పు లేకుండ పాడెను. ఇట్టివారున్న ఇండ్లవారికి ఒక మాట: వాదింపకుడి. తినలేదనిన, మరియొక ముద్ద పెట్టుడి.

అయితే మా తప్పు వేరొకటి కలదు. రెండు నెలలు సంస్కారపు ఆదివారమున ఆమెను ఇంటనే యుంచితిమి. తన్ను తాను పరిశోధించుకొనియే తినవలెనని పౌలు చెప్పెను గదా. ఏ పూటయో ఎరుగనిది ఏమి పరిశోధించుకొనును? పైగా అది ప్రభువును జ్ఞాపకము చేసికొను బల్ల. సెమినరీ చదువు మాకు అంతమట్టుకే తోచెను.

మా సహధర్మిణి అనెను: "ఏమండీ, అత్తయ్యకు ముద్ద పెట్టేటప్పుడు, నేనెవరినో చెప్పమని అడిగి పెడుతున్నానా?"

ఆ రాత్రి అధ్యాయమంతయు మొదటినుండి చదివితిమి. కొరింథులో కలిగినవారు ముందుగా తిని త్రాగిరి; బీదలు ఆకలితో సిగ్గుపడిరి. పౌలు హెచ్చరిక వారికే గాని, మతి పోయిన ముసలమ్మకు కాదు. ఒకరికొరకు ఒకరు ఆగవలెనని ఆయన ముగించెను. మేము ఆగలేదు. పరిశోధింపబడవలసినవారము మేమే. తల్లి తన బిడ్డను మరచినను దేవుడు మరువడని యెషయా 49:15లో నున్నది. అందులో మొదటి సగము మా ఇంటనే కన్నులార చూచితిమి. రెండవ సగమును నమ్ముట మాత్రము మాకు కష్టమాయెను.

మూడవ నెల ఆమెను ముందు చాపమీద కూర్చుండబెట్టితిమి. మ్రింగుట కష్టము గనుక రొట్టెను ద్రాక్షారసములో తడిపి చేతిలో ఉంచితిమి. ఆమె దానిని రెండుగా త్రుంచి, ఒక తునక మాకు చాపి, "నువ్వు తిన్నావా నాయనా?" అని అడిగిరి.